రిమార్కుల గడి

లాకుల పక్క సెక్షన్ ఆఫీసులో
నాకప్పగించిన పని చిన్నదే:
డెబ్భై ఏళ్ళ నీటిమట్టాన్ని
మార్చి నెలాఖరులోగా కంప్యూటర్లోకి ఎక్కించడం.

ఎర్రగుడ్డ మూట విప్పగానే
ఎండిన వేపాకు పొడి, కలరా ఉండల వాసన.
రామబాణం పురుగొకటి
యాభై ఎనిమిదిలోంచి జారి
అరవై ఒకటిలోకి దూరిపోయింది.

పొద్దున ఆరు, సాయంత్రం ఆరు.
ఎగువ ఇంత, దిగువ ఇంత.
మొదట అడుగులూ అంగుళాలూ,
ఒకానొక ఏప్రిల్ ఒకటి నుంచి మీటర్లు.
కాలవ మాత్రం ఆ రోజూ
నిన్నటి ఎత్తునే పారింది.

ఎనభై ఆరు వరదకు
ఈ గదిలో మొలలోతు నీళ్ళట.
నీటి లెక్కలు నీళ్ళలోనే తేలాయట.
లస్కరు దావీదు వాటిని కొబ్బరిమట్టల మీద ఆరబెట్టి,
ఇస్త్రీ బండి నుంచి బొగ్గుల పెట్టె అడిగి తెచ్చి
ఒక్కో కాగితం సాపు చేశాడు.
మూడేళ్ళు మాత్రం ముద్దయిపోయాయి.
ఆ మూడేళ్ళూ కాలవ పారిందనడానికి
తిన్న అన్నమే సాక్ష్యం.

తర్వాత ఫ్లాపీలు,
బిస్కెట్ల డబ్బాలో, బూజు పట్టి.
వాటిని మింగే నోరున్న యంత్రం
జిల్లా అంతా వెతికినా దొరకలేదు.
ఒక్క ఫైలు ఎవరో ముందే దింపి ఉంచారు.
తెరిస్తే, ఆనాటి ఫాంటు ఇప్పుడు లేదు గనక
'ఎగువ' ఉండాల్సిన చోట ఒక డాలరు, రెండు కొక్కేలు,
'దిగువ' చోట తలకిందుల ప్రశ్న.
అంకెలు బాగానే ఉన్నాయి, పాపం,
తాము ఏ వైపు నీళ్ళో తెలియక.

నాకు కావాల్సింది రెండువేల మూడు.
పుస్తకం దండగని ఆపేసిన మొదటి ఏడు.
దాళ్వాలో శివారు ఎండిపోయింది.
లెక్క ప్రకారం కాలవ నిండుగానే ఉంది.
కేసింకా నడుస్తోంది.
లెక్క సీడీల్లో ఉందన్నారు. సీడీలు లేవు.

ఎస్తేరు గారి నారుమడి మీద దొరికాయి.
దావీదు కూతురావిడ.
ఆఫీసుకు సున్నాలేసినప్పుడు చెత్తలో పోస్తే
నాన్న ఏరుకొచ్చాడట.
పురికొసకు వేలాడి గిర్రున తిరుగుతూ
ఆ పొలానికి నీళ్ళు రాని ఏడాది
ఆ పొలం మీదే పిట్టల్ని తోలుతోంది.
"మొదట్లో బెదిరేవండి. ఇప్పుడు
వాటికే ముక్కులు తుడుచుకుంటన్నాయ్."
ఒకటి విప్పి ఎండకు పట్టాను.
చేప పొలుసులా రేకు లేచిపోయి
అవతల కొంగ కనిపించింది.

ఇంట్లోంచి ఆవిడే తెచ్చింది, నాన్న చిత్తు పుస్తకం.
పెన్సిలు రాత.
ఫిబ్రవరిలో తొమ్మిది రోజులు ఒకటే అంకె.
పక్కన, గీత దాటి, చిన్నగా:
'చలిజ్వరం. లేవలేదు. నిన్నటిదే వేశాను.
ప్రభువు క్షమించాలి.'

ఆ మాట మీద బొటనవేలు ఆనించి
"ఇదీ ఎక్కిస్తావా అమ్మాయ్?" అంది.
ఎండిన పొలం ఆవిడదే.
రాసిన చెయ్యి ఆవిడ నాన్నది.

తేదీ, ఎగువ, దిగువ.
నా తెర మీద ఉన్నవి మూడే గడులు.
ఎక్కించడానికి చోటు లేదన్నాను.
అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.
తొమ్మిది అంకెలూ కొట్టాను.
తొమ్మిదింటికీ పచ్చటి టిక్కు పడింది.

ఇప్పుడు లాకుల దగ్గర సెన్సరుంది.
పావుగంటకోసారి మట్టం పంపుతుంది.
కిందటి వారం గుర్రపుడెక్క అడ్డం పడి
నాలుగు రోజులు ఒకటే అంకె పంపింది.
దానికి జ్వరం లేదు,
క్షమించమని అడగడానికి ఎవరూ లేరు.

పుస్తకం సాయంత్రానికల్లా తిరిగివ్వాలని
ఆవిడ ముందే చెప్పింది.
ఇచ్చే ముందు లాకుల మెట్లు దిగి
పాచి పట్టిన రాతి మీద గీతలు లెక్కపెట్టి
దావీదు ఆపేసిన చోట, ఆ పెన్సిలుతోనే రాశాను:
'డెక్క అడ్డం పడింది. నేనే దిగి చూశాను.
ఒకటీ ముప్ఫై ఎనిమిది.
చీకటి పడింది, ఒక గీత అటూ ఇటూ.'